తుమ్ముల పొడిలో స్టెరాయిడ్ లేదు

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, మేడమ్, మీ సర్వీసులో పట్టుకున్న పెద్ద కేసు ఏదైనా చెప్పండి అంటారు. నకిలీ మాత్రల గోడౌన్లు, అర్ధరాత్రి దాడులు వినాలని వాళ్ల సరదా. అర్ధరాత్రిళ్లు నాకు నిద్ర వచ్చేది. అందుకని నేను పట్టుకోలేకపోయిన కేసొకటి చెబుతాను. అందులో నేరం లేదు, నేరస్తుడు లేడు, కల్తీ అసలే లేదు. మనిషి ప్రాణం మాత్రం పోబోయింది.

నా చివరి పోస్టింగు విజయవాడ. ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జీ పై అంతస్తులో ఉండేది. అక్కడ మా సూపరింటెండెంట్ గారు నియమం తప్పని మనిషి. ఆయన పెట్టిన కామాని పైఆఫీసు వాళ్లు కూడా తీసేవాళ్లు కాదు. ఆయనకున్న లోపం ఒక్కటే, తుమ్ములు. బీరువా తెరిస్తే తుమ్ము, ఫైలు దులిపితే తుమ్ము, ఎదుటివాడు అగరుబత్తి వాసనతో వస్తే తుమ్ము. ఎవరైనా బయటికి బయల్దేరేటప్పుడు తుమ్మకూడదు కదా. తనిఖీకని సంచీ భుజాన వేసుకున్న ప్రతి ఇన్‌స్పెక్టరూ ఆయన తుమ్ము విని మళ్లీ కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు లేచేవాడు. నేను ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని, నాకు శకునాల పట్టింపు లేదు. అయినా కూర్చునేదాన్ని. కూర్చోకపోతే ఆయన నొచ్చుకునేవారు. జిల్లాలో మందుల షాపుల వాళ్లు మా రాక గురించి ముందే తెలుసుకునేవాళ్లంటే అందులో ఆయన తుమ్ముల చలవ కూడా కొంత ఉందని నా అనుమానం.

ఎలర్జీ మాత్రలు వాడమని అందరం చెప్పాం. వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోందనీ, సీట్లో కునికే సూపరింటెండెంట్ కంటే తుమ్మే సూపరింటెండెంట్ నయమనీ ఆయన వాదన.

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. వన్ టౌన్‌లో ఒక మూలికల కొట్టులో తుమ్ములకి, దద్దుర్లకి, ఆయాసానికి పొడి అమ్ముతున్నారనీ, అది చాలా తొందరగా గుణమిస్తోందనీ, కాబట్టి అందులో స్టెరాయిడ్ కలుపుతున్నారనీ రాశారు. ఆ ‘కాబట్టి’ బయటివాళ్లకి వింతగా అనిపించవచ్చు. మా శాఖలో ఎవరికీ వింత కాదు. గుణమివ్వని పొడి మీద మాకెవరూ ఉత్తరాలు రాయరు. గుణమిచ్చేదాన్ని అనుమానించడానికే మాకు జీతం. అనుమానం ఉత్తపుణ్యానికి వచ్చింది కూడా కాదు. స్టెరాయిడ్ మాత్రలు నూరి పొడుల్లో కలిపేవాళ్లని నేను చాలామందిని చూశాను. అవి తిన్నవాళ్లు మొహాలు ఉబ్బి, ఒంట్లో బాగుందని మురిసిపోతుంటారు. లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి.

ఎవరూ తుమ్మని సమయం చూసుకుని వన్ టౌన్ వెళ్లాను. తోపుడుబళ్ల మధ్య నుంచి ఆటో కదలక, చివర్లో దిగి నడిచాను. కొట్టు చిన్నది. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయల బస్తాలు గుమ్మం దాకా ఉన్నాయి. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన, నుదుట విభూతి, భుజాన తువ్వాలు. కింద కొట్టు, మేడ మీద కాపురం. నేను ఎవరినో చెప్పగానే కంగారు పడతాడనుకున్నాను. ఆయన ముందు నాకు స్టూలు వేయించి, ఫ్యాను నా వైపు తిప్పి, టీ తెప్పించాడు. తర్వాత, “ఎన్ని డబ్బాలు కావాలమ్మా?” అని అడిగాడు.

అందులో ఏముందని అడిగితే దాచలేదు. ముప్పాతిక వంతు అతిమధురం, మిగతాది తులసి, కొంచెం పిప్పళ్లు. అతిమధురం నాకు కొత్త కాదు. నమిలితే తియ్యగా ఉండే వేరు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలవగానే మా చర్చిలో గొంతు బాగుండటానికి తలా ఓ ముక్క బుగ్గన పెట్టుకునేవాళ్లం. ఆ వేరు దగ్గుని, గొంతు మంటని తగ్గిస్తుందంటే నమ్ముతాను. కానీ ఏళ్లనాటి తుమ్ముల్ని ఇంత తొందరగా ఆపుతుందంటే నమ్మలేదు. పెద్దాయన మర్యాద చూశాక అనుమానం ఇంకా పెరిగింది. మా ఉద్యోగంలో టీ ఇచ్చినవాళ్లనే రెండోసారి తనిఖీ చేస్తాం.

శాంపిల్ తీసేటప్పుడు సాక్షులు సంతకం పెట్టాలి. మామూలుగా అది నరకం. ఇన్‌స్పెక్టర్ని చూడగానే బజారులో ఉన్నవాళ్లందరికీ అర్జెంటు పనులు గుర్తొస్తాయి. ఆ రోజు మాత్రం పక్కన పసుపు కొట్టాయన, ఎదుట తాళ్ల వ్యాపారి, ఎవరో దారిన పోయే ఆవిడ నేనంటే నేనని ముందుకొచ్చారు. అందరూ ఆ పొడి వాడేవాళ్లే. సంతకం పెడుతూ తాళ్ల వ్యాపారి, ఈ పొడి లేకపోతే తను ఈ దుమ్ములో వ్యాపారం మానుకుని ఎప్పుడో పల్లె చేరేవాణ్ణని చెప్పాడు. నేను అది రాసుకోలేదు. రాసే గడి ఫారంలో లేదు.

ల్యాబు రిపోర్టు ఎప్పటిలాగే తీరిగ్గా వచ్చింది. స్టెరాయిడ్ లేదు. ఏ ఇంగ్లీషు మందూ కలవలేదు. లేబుల్ మీద ఏం రాశారో లోపల అదే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంకోసారి శాంపిల్ తీద్దామా అని కూడా అనుకున్నాను. సూపరింటెండెంట్ గారు రిపోర్టుని రెండుసార్లు చదివి, తుమ్మి, నిజాయితీగా ఉన్నవాణ్ణి మళ్లీ మళ్లీ పరీక్షించడం వేధింపు కిందికి వస్తుందని సెలవిచ్చారు. నిబంధన ప్రకారం ఒక కాపీ పెద్దాయనకి పంపారు. నిబంధనలో లేకపోయినా ఒక డబ్బా తనకోసం తెప్పించుకున్నారు.

తుమ్ములు ఆగిపోయాయి. ఇది నేను ఒప్పుకుని తీరాలి. కొద్ది రోజుల్లోనే ఆఫీసు నిశ్శబ్దమైంది. ఆయన ఉన్నారో లేదో తెలియక టైపిస్టు ఆలస్యంగా రావడం మొదలుపెట్టి చీవాట్లు తింది. ఆయన పాత బీరువాలు తెరిచి, మా తాతల నాటి ఫైళ్లు తీసి, ఆ దుమ్ములో హాయిగా నిలబడి చదివేవారు. ముందు పొద్దున ఒక చెంచా వాడారు. తర్వాత మూడు పూటలా వాడారు. ఆ తర్వాత మజ్జిగలో కూడా కలుపుకున్నారు. అంత వాడకండి అని నేను ఒకసారి అన్నాను. అందులో స్టెరాయిడ్ లేదు కదా మేడమ్, మన రిపోర్టే కదా అన్నారు. రిపోర్టు నిజంగా మనదే.

ఈలోగా కొట్టులో పెద్దాయన ఆ రిపోర్టుకి ఫ్రేము కట్టించి, పూలదండ వేసి గోడకి తగిలించాడు. ప్రభుత్వ ల్యాబు రిపోర్టుని ప్రకటనగా వాడుకోకూడదు, చట్టంలో స్పష్టంగా ఉంది. నేను వెళ్లి తీసెయ్యమన్నాను. ఆయన తీసేశాడు. మరుసటి వారం వెళ్తే అది వేంకటేశ్వరస్వామికీ దుర్గమ్మకీ మధ్య ఉంది. ఇదేమిటండీ అంటే, ప్రకటన కాదమ్మా, పూజకి పెట్టుకున్నాను అన్నాడు. వెటకారం లేదు, పొగరు లేదు, నిజంగానే పొద్దున్నే దానికి హారతి ఇస్తున్నాడు. నేను ఆఫీసుకి వచ్చి ఫైలు పెట్టాను. దాని మీద సూపరింటెండెంట్ గారు, దేవుడి పటాల వరసలో ఉన్న కాగితాన్ని ప్రకటనగా పరిగణించలేమని నోట్ రాశారు. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ నోట్ రాసిన చెయ్యి అప్పటికే కొంచెం వణుకుతోంది. ఎవరం పట్టించుకోలేదు.

ముందు ఆయన పాదాలు ఉబ్బాయి. బూట్లు పట్టక చెప్పులతో రావడం మొదలుపెట్టారు. బీపీ పెరిగింది. ఎవరో డాక్టరు వాపులు తగ్గడానికని నీరు పోయే మాత్ర రాశాడు. ఆ మాత్ర వేసుకున్నాక నీరసం ఇంకా పెరిగింది. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగేవారు. వయసు అనుకున్నారు, అందరం అదే అనుకున్నాం. ఒకరోజు పొద్దున ఫైలు ముందు పెడితే పెన్ను పట్టుకున్నారు కానీ చెయ్యి కదలలేదు. సంతకం పెట్టలేకపోతున్నాను మేడమ్ అని నా వైపు చూశారు. ఆ చూపులో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో పొటాషియం పడిపోయిందన్నారు. అది అంతలా తగ్గితే కండరాలు పనిచెయ్యవట. గుండె కూడా కండరమే, ఏ క్షణమైనా లయ తప్పి ఆగిపోవచ్చని డాక్టరు చెప్పారు. ఆవిడ మా అందరికంటే చిన్నది, ఓపికగా మాట్లాడే మనిషి. సెలైన్‌లో పొటాషియం ఎక్కించారు. కాస్త పెరిగింది, మళ్లీ పడింది. ఇంకా ఎక్కించారు, మళ్లీ పడింది. ఎక్కించింది ఎక్కించినట్టే ఎక్కడికి పోతోందో వాళ్లకి అంతుపట్టలేదు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే, బీపీ మాత్రలు తప్ప ఏవీ లేవని ఆయనా చెప్పారు, ఆయన భార్యా చెప్పింది. బీపీ మాత్రలు మార్చారు, నీరు పోయేది ఆపేశారు. అయినా అదే తంతు. చివరికి కిడ్నీ మీద గ్రంథిలో గడ్డ ఉండొచ్చు, హైదరాబాదు తీసుకెళ్లి చూపించండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు, దారిలో గుండె సంగతి మాత్రం మేము హామీ ఇవ్వలేం అన్నారు. మర్నాడు పొద్దున్నే అంబులెన్స్ మాట్లాడారు.

ఆ సాయంత్రం నేను చూడ్డానికి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, దుప్పటి కూడా తనంతట తాను లాక్కోలేకపోతున్నారు. ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గ్లాసులో ఏదో కలుపుతోంది. ఏమిటండీ అది అని మామూలుగా అడిగాను.

“డాక్టరమ్మ పాత మందులన్నీ ఆపమందండీ. అన్నీ ఆపేశాను. ఇది తుమ్ముల పొడేగా, మందు కాదుగా.”

రోజుకి ఎన్నిసార్లు ఇస్తున్నారని అడిగాను. ఆసుపత్రి కదా, ఇక్కడ ఫినాయిలు వాసనకి మళ్లీ తుమ్ములు వస్తాయేమోనని ఇంకో పూట ఎక్కువే ఇస్తున్నానంది. నేను గ్లాసు ఆవిడ చేతిలోంచి తీసేసుకున్నాను, కొంచెం దురుసుగానే. ఆ చప్పుడుకి ఆయన కళ్లు తెరిచారు.

“అందులో స్టెరాయిడ్ లేదు మేడమ్,” అన్నారు. మాట ముద్దగా వచ్చింది. “రిపోర్టు నేనే డిస్పాచ్ చేశాను.”

ఆ ఇల్లాలి మీద మీకు కోపం రావచ్చు. నాకు రాలేదు. మన ఇళ్లలో మందు అంటే మెడికల్ షాపులో కొన్నదే. వంటింటి డబ్బాలో ఉన్నదీ, మూలికల కొట్టు నుంచి వచ్చినదీ, తియ్యగా ఉన్నదీ మందు కిందికి రాదు. డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే మనిషి నిజమే చెబుతాడు, ఇంకేమీ వాడటం లేదని. ముప్పయ్యేళ్లు మందుల శాఖలో ఉన్న ఆయనా అదే జవాబు చెప్పారు. అందుకని మీరెప్పుడైనా అడగాల్సి వస్తే, మందులేమిటని అడక్కండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లోకి ఏమేం పోతున్నాయని అడగండి.

డబ్బా తీసుకుని డాక్టరు గది దగ్గరికి దాదాపు పరిగెత్తాను. ఆవిడ లేబుల్ చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఎంత వాడుతున్నారని అడిగింది, నాకు తెలిసినంత చెప్పాను. ఇందులో స్టెరాయిడ్ లేదని మేమే పరీక్ష చేయించామండీ అని కూడా అన్నాను, అలవాటు కొద్దీ.

“డబ్బాలో ఉండక్కర్లేదు మేడమ్. మన ఒంట్లోనే తయారవుతుందిగా,” అంది.

తర్వాత ఓపికగా వివరించింది. ఒంట్లో పుట్టే ఆ స్టెరాయిడ్‌ని కిడ్నీ దగ్గర చల్లార్చే ఏర్పాటు ఒకటి ఉంటుందట. అతిమధురం మితిమీరితే ఆ ఏర్పాటు పనిచెయ్యదు. అప్పుడు ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోయి వాపు, బీపీ వస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. తుమ్ములు, మంట, వాపులు తగ్గించే గుణం ఆ వేరులో నిజంగానే ఉందనీ, ఒంట్లో స్టెరాయిడ్ కరిగిపోకుండా చూడటం అందులో ఒక భాగం కావచ్చనీ చెప్పింది. కొద్దిగా, కొద్దిరోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు. బీపీ ఉన్నవాడు, నీరు పోయే మాత్ర వేసుకుంటున్నవాడు, మూడు పూటలా చెంచాలకొద్దీ తింటే ఇలా అవుతుంది. నేను వింటూ కూర్చున్నాను. నా అనుమానం నిజమే, ల్యాబు రిపోర్టూ నిజమే. ల్యాబు నేనడిగిన ప్రశ్నకి జవాబిచ్చింది. నేను అడగనిదానికి జవాబివ్వడం దాని పని కాదు.

అంబులెన్స్ వద్దన్నారు. పొడి ఆపాక పొటాషియం నిలబడటం మొదలైంది. పొడి ప్రభావం వెంటనే పోదట, పూర్తిగా కుదుటపడటానికి వారాలు పట్టింది. సూపరింటెండెంట్ గారు చెయ్యెత్తి మొదట చేసిన పని, ఆసుపత్రి వాళ్ల బిల్లులో అచ్చుతప్పు దిద్దడం.

ఆయన గండం గడిచిందని తెలిసిన రోజున నేను ఆసుపత్రి నుంచి నేరుగా వన్ టౌన్ వెళ్లాను. ఏ చట్టం కింద వెళ్తున్నానో నాకే తెలియదు. నోటీసు ఇద్దామంటే ఆయన చేసిన తప్పేమీ లేదు. పెద్దాయన ఎప్పటిలాగే స్టూలు వేయించాడు. టీ వద్దని, జరిగినదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“పొడిలో తప్పుందా అమ్మా?”

లేదన్నాను.

“మరి రిపోర్టులో?”

అందులోనూ లేదన్నాను. ఆయన, తన తండ్రి రోజుల నుంచీ బీపీ మనిషికి ఇవ్వలేదనీ, రుతువు మారేదాకా చిటికెడు వాడి ఆపమని ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణనీ అన్నాడు. ఆ కాగితం వచ్చినప్పటి నుంచి ఎవరూ అడగడం లేదట. చెప్పబోతే, గవర్నమెంటే బాగుందంటే మధ్యలో నీ గొడవేంటి అంటున్నారట. అది నిజమేనని నాకూ తెలుసు. వీధిలో ఇన్‌స్పెక్టరు కాగితానికున్నంత నోరు అమ్మేవాడికి ఉండదు.

నేను లేవబోతుంటే ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు మారింది.

“పాదాలు ఉబ్బుతాయన్నారా?”

అవునన్నాను.

“చెయ్యి ఎత్తలేరా? జుట్టు ముడేసుకోవాలన్నా?”

మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగేలోపే ఆయన లేచాడు. కొట్టు, గల్లాపెట్టె, నన్ను అలాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మేడ మెట్లు ఎక్కిపోయాడు. అంతలో ఎవరో వచ్చి తుమ్ముల పొడి డబ్బా ఒకటి ఇవ్వమన్నాడు. బీపీ ఉందా అని అడిగాను. మీరెవరండీ అన్నాడు. కొట్టు మూసేశామని చెప్పి, అతన్ని పంపించి, నేనూ పైకి వెళ్లాను.

ఆయన భార్య మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఎర్రగా, చిన్నగా, జుట్టు విరబోసుకుని ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. పెద్దాయన చేతిలో సగం ఖాళీ అయిన గ్లాసు ఉంది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయాడు. ఆవిడ నన్ను చూసి, కూర్చోమ్మా అంది. తనకి పెళ్లయినప్పటి నుంచీ ఆయాసమనీ, ఈ పొడి వల్లే ఊపిరి తీసుకుంటున్నాననీ, ఈ మధ్య నీరసం ఎక్కువైతే ఈయన మోతాదు పెంచాడనీ చెప్పింది.

“ఇంట్లో ఇంకే పనీ ముట్టుకోడమ్మా. ఇదొక్కటీ మాత్రం రోజూ తనే కలిపిస్తాడు. ఎవర్నీ కలపనివ్వడు.”

మెచ్చుకోలుగానే అంది. పెద్దాయన గోడ వైపు తిరిగాడు.

ముందే చెప్పేస్తున్నాను, ఆవిడ బతికింది. విషయం దాచిపెట్టి మిమ్మల్ని కంగారు పెట్టడం నాకిష్టం లేదు. అదే డాక్టరు, అదే వార్డు. ఆయాసానికి నోటితో పీల్చే మందు రాశారు, ఇప్పటికీ వాడుతోందని విన్నాను. పెద్దాయన డబ్బాల మీద ఎవరెవరు వాడకూడదో ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించాడు. చట్టం అడక్కపోయినా వేయించాడు. గవర్నమెంటు ఏదో పట్టుకుందని ప్రచారమై వ్యాపారం సగానికి సగం పడిపోయింది. నేను పట్టుకున్నది ఏమీ లేదు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రోజు ఆటో. తాళ్ల వ్యాపారీ నేనూ కలిసి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించాం. పెద్దాయన పక్కన ఆవిణ్ణి సీట్లో ఏటవాలుగా కూర్చోబెట్టాక నాకు చోటు లేక డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాను. గెజిటెడ్ అధికారి అలా కూర్చోవచ్చో లేదో సూపరింటెండెంట్ గారినే అడగాలి. బండి తోపుడుబళ్ల మధ్య ఆగి ఆగి వెళుతోంది. అద్దంలో చూస్తే, ఆయన ఆవిడ రెండు పాదాలూ ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. బజారంతా తెలిసినవాళ్లే. ఆవిడ సిగ్గుపడి, తియ్యండి, అందరూ చూస్తున్నారు అని లాక్కోబోయింది. లాక్కునే బలం లేదు.

“చూడనీ,” అన్నాడాయన. ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు.